పాప కోసం పెరికిన బీడు

ఆడి మాసంలో మా బీడులో ఆడుకుంటున్న పాప కాలికి కంబళిపురుగు తగిలి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. మూడు రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. నాలుగో రోజు కొరంగాట్లో దిగాను.

కొరంగాడంటే దున్నకుండా వదిలే మేత బీడు, చుట్టూ కిళువ ముళ్ళ కంచె. మా అత్తవారికి ఎకరం ఉంది. అందులో మేసేది ఒక్క ఆవు. పాకెట్ పాలు తాగితే కక్కుకునే పాపకు దాని పాలే ఆధారం.

నేను సింగానల్లూరు మిల్లు లైనిండ్లలో పెరిగాను. విత్తనమేసిన మొక్క తప్ప మిగిలిందంతా కలుపే అనుకునేదాన్ని. అత్త రామక్కాళ్ అప్పుడు మధురైలో, ఆడపడుచు కాన్పుకు వెళ్ళి ఉంది. నేను ఇరవై రోజులు కూర్చుని వెంపలి, పిల్లిపెసర, పల్లేరు, పేరు తెలియని పూల మొక్కలు, పురుగులకు ఇళ్ళు ఇవేనని అన్నీ వేళ్ళతో సహా పెరికేశాను. గడ్డి ఒక్కటే ఉంచాను. వానకు అది చాప పరిచినట్టు లేచింది. మా ఆయన రంగరాజన్ తిరుప్పూరు బనియన్ కంపెనీ నుంచి వచ్చి ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

రెండు నెలలకు, పురట్టాసిలో మిడతలు పడ్డాయి. అడుగు వేస్తే పేలాలు చిట్లినట్టు ఎగిరేవి. పది రోజుల్లో కాడలే మిగిలాయి.

అత్త ఊరి నుంచి వచ్చి కంచె దగ్గరే నిలబడిపోయింది.

"దీన్నెవరు గొరిగింది అమ్మణీ?"

"నేనే అత్తా. పాపకు పురుగు తగిలిందని..."

"బాగుండాది. ఒకే కూడు వొండి ఆకు పరిస్తివి. పెండ్లనుకోని వూరి మిడతలన్నీ వచ్చినాయి."

రంగరాజన్ నవ్వలేదు. "రేపు పురుగుమందు కొడతా."

"ఆ గడ్డి ఆవు తింటే, ఆ పాలు పాప తాగొద్దా?" అన్నాను.

"అయితే ఆవును సంతకు తోలేద్దాం. వేరే ఏం చేయమంటావు, చెప్పు."

ఆ సాయంత్రం పాపను చంకనేసుకుని పక్క బీడుకు వెళ్ళాను. గొర్రెలు మేపే కరుప్పుసామి తాతది అది. గడ్డి అక్కడక్కడా కొరికి ఉంది కానీ నిలబడే ఉంది. పురుగులు లేవేమోనని వంగి చూశాను. మా బీడులో ఒకే రకం మిడత, లక్షలు. ఇక్కడ పచ్చవి, మట్టిరంగువి, నల్ల పెంకుపురుగులు, ఆకుచుట్టు పురుగులు. ఎన్ని రకాలో. ఏ రకమూ పదికి మించి కనబడలేదు. పాప కాళ్ళు పైకి లాక్కున్నాను.

"భయపడొద్దు అమ్మణీ," అన్నాడు తాత. "వాటికి కావలసిన గడ్డి ఇన్ని చెట్ల నడుమ దాగుండాది. ఎతుక్కునేలోపల సాలీడు పట్టుకుంటాది."

"నేను పెరికినవి మళ్ళీ వస్తాయా తాతా?"

"మా గొర్రెల కడుపులో వుండాయి విత్తనాలు. మీ కొరంగాట్లో రాత్రుళ్ళు మంద కట్టిస్తే పెంటికల్లో రాలుస్తాయి. వచ్చే వానకు మొలుస్తాయి. అందాకా ఆవును ఈడ మేపుకో." ఒక గొర్రెను వెనక్కి అదిలించి అన్నాడు, "చెట్లతోపాటు కంబళిపురుగులూ వస్తాయి. అప్పుడు నన్ను తిట్టొద్దు."

పాప మెడ మీద చెమట తుడిచాను. పురుగు కనబడని నేల నా పాపకు క్షేమమని ఇరవై రోజులు గోళ్ళు అరిగేలా కష్టపడ్డాను. ఇప్పుడు ఆ భయాన్నే చేతులారా విత్తుకోవాలి. పాలా, దద్దుర్లా అని ఎవరైనా అడిగితే ఏ తల్లి చెబుతుంది?

"మంద ఎప్పుడు తోలుతావు తాతా?"

"ఎల్లుండి."

ఇంటికి వచ్చి, మా ఆయన అప్పటికే కొని తెచ్చిన పురుగుమందు డబ్బా అంగట్లో తిరిగి ఇచ్చేయమన్నాను.

"పాపకు మళ్ళీ తగిలితే?" అన్నాడు రంగరాజన్.

"నేను ఏడుస్తాను. దద్దుర్లకు మందు పూస్తాను," అన్నాను. ఆవు పలుపు విప్పి పక్క బీడు వైపు నడిచాను.