గోడ మీది రొట్టె

గోడ మీది రొట్టె తరిగిందని మొదట చూసింది మా అత్తగారే. చూసి చప్పట్లు కొట్టింది.

"కోడలా, ఇటు రావే! నా కొడుకు కొరుకుతున్నాడు. బయలుదేరాడన్నమాట!"

"ఎలకలై ఉంటాయి అత్తయ్యా."

"ఎలకకి అంత ఎత్తుకి నిచ్చెన నువ్వేశావా?"

మా ఆయన, నా కూతురు జుమ్రద్ వాళ్ళ నాన్న, రష్యాకు కూలిపనికి పోతూ ఆ గోధుమ రొట్టెను ఒక్కసారి కొరికి ఇచ్చాడు. మా వైపు దూరదేశం పోయే మగవాడు అలాగే కొరికి పోతాడు. దాన్ని మేకుకు తగిలిస్తాం. మిగిలింది అతనే తిరిగొచ్చి తినాలి. ఆయన వెళ్ళి పది నెలలైంది, ఫోను మూగబోయి నాలుగు నెలలు.

నాకు ఆ రోజుల్లో రొట్టె మీద ధ్యాస లేదు. జుమ్రద్‌కు గోధుమ పడదు. ఒక్క ముక్క లోపలికి పోయినా పేగులు పుండ్లవుతాయి. ఆరేళ్ళ పిల్ల, మూడేళ్ళ పిల్లంత బరువు. దానికి వేరే గిన్నె, వేరే పెనం, వేరే గరిటె. అత్తగారు తన రొట్టెను అరుగు మీదే తిని చేతులు కడుక్కుని లోపలికి వచ్చేది. ఇంత చేసినా పిల్ల పొట్ట మళ్ళీ ఉబ్బింది, కాళ్ళు పుల్లలయ్యాయి.

"ఇంట్లో ఎవరో పెడుతున్నారమ్మా," అంది డాక్టరమ్మ. "ఇలాగే సాగితే పిల్ల దక్కదు."

ఇంటికొచ్చి అత్తగారి మీద విరుచుకుపడ్డాను. జాలిపడి చాటుగా పెడుతున్నావా అని అడిగాను. ఆవిడ ముఖం పాలిపోయింది. తన రొట్టెముక్కను కళ్ళకద్దుకుంది.

"పెట్టి ఉంటే ఈ రొట్టే నన్ను కొట్టనీ. నీ పిల్ల నాకేమన్నా పరాయిదటే?"

రొట్టె మీద ఒట్టేసి మావాళ్ళెవరూ అబద్ధమాడరు. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. మరి ఎవరు?

రెండు రోజులకు, మధ్యాహ్నం పొలం నుంచి ముందుగా వచ్చాను. గదిలో కొరుకుతున్న చప్పుడు. పెట్టె మీద దొంతరగా పేర్చిన బొంతలెక్కి, గోడను కరుచుకుని నిలబడి ఉంది జుమ్రద్. ఎండి రాయైపోయిన రొట్టె అంచును ఉమ్మితో తడుపుకుంటూ కొరుకుతోంది. ఒక్క ఉదుటున దాన్ని కిందికి లాగి నోట్లో వేలు పెట్టి కక్కించాను. ఇద్దరం ఏడ్చాం.

"నీకు విషమని తెలీదుటే?"

"తెలుసు. కానీ ఆ రొట్టె పూర్తయ్యేది నాన్న వచ్చిన రోజేనని నాన్నమ్మ చెప్పిందిగా. అందుకే తొందరగా పూర్తి చేస్తున్నా."

రొట్టెను మేకు మీంచి తీశాను. ఒక అంచున చిన్న గాట్లు, మధ్యలో ఊడిన పాలపన్ను సందు. రెండో అంచున పెద్ద గాట్లు మూడు; ఆయన పోతూ కొరికింది ఒక్కసారే. ఒకప్పుడు ఖుబానీ పండు గింజ కొరికి ఆయన ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. ఆ పన్ను వదిలే సన్నటి గట్టు మూడింటిలోనూ ఉంది.

"ఇవి కూడా నువ్వేనా?"

"ఊఁహూఁ. అటువైపు నాన్నది. నేను ఇటు తిన్న రోజు నాన్న అటు తింటాడు."

అత్తగారు గడపలో నిలబడి వింటోంది.

"మళ్ళీ తగిలించెయ్," అంది మెల్లగా. "దించితే వాడికి దారి మూసుకుపోతుందే."

"తగిలిస్తే దీనికి మూసుకుపోతుంది."

ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో చెప్పలేను. రొట్టెను పెరట్లోకి తీసుకెళ్ళి, నలిపి, గోడ మీద పిట్టలకు పోశాను. అత్తగారు ముసుగు కప్పుకుని కూర్చుంది.

సాయంత్రం జుమ్రద్ కోసం ఉంచిన పెనం మీద మొక్కజొన్న రొట్టె కాల్చి అదే మేకుకు తగిలించాను. గోడ వైపు తిరిగి, పిచ్చిదానిలా గట్టిగానే చెప్పాను.

"ఇక మన ఇంట్లో ఇదే. నీ కూతురికి పడేది ఇదే. తింటే ఇది తిను."

జుమ్రద్ ఎక్కి ఒక అంచు కొరికింది. రెండో అంచు నాన్నకని వదిలేసింది. రోజూ పొద్దున్నే నేను ఆ అంచు చూసేదాన్ని. వారం గడిచింది, రెండు గడిచాయి. రొట్టె ఎండిపోతే దించి కొత్తది పెట్టాను. పిల్ల పొట్ట తగ్గింది, బుగ్గలకు రంగొచ్చింది. ఆ అంచు మాత్రం అలాగే ఉంది. నా చేతులతో నేనే ఆయన దారి మూసేశాననుకున్నాను.

ఇరవయ్యో రోజు పొద్దున గాటు కనిపించింది, మధ్యలో గట్టుతో. బాగా చిన్న గాటు. ఇంట్లో ఉన్నప్పుడూ అంతే, పిల్ల కంచంలోది రుచి చూడమంటే ఆయన ఎప్పుడూ కొంచెమే తీసుకునేవాడు, దానికి తక్కువవుతుందని.

బతికున్న మనిషి రష్యా నుంచి మా గోడ మీది రొట్టె కొరకలేడు. ఇక ఆయన మా వాకిలి తలుపు తట్టడని అప్పుడే నాకు తెలిసిపోయింది. అత్తగారికి చెప్పలేదు. ఏడుస్తూనే, ఆయన వంతుకని మొక్కజొన్న పిండి ఇంకో గుప్పెడు ఎక్కువ కలిపాను.