మళ్ళీ వస్తానన్న సోమవారం

బసప్పకు పెళ్ళాంబిడ్డల కన్నా కాలేజీ ఎక్కువని జనం నవ్వుకునేవాళ్ళు. కంబదూరు దారిలో చుట్టుపక్కల రైతులంతా చందాలేసుకుని కట్టుకున్న కాలేజీ అది. మొదటి బ్యాచ్‌లో చదివిన పద్దెనిమిది మందిలో పదిహేడుగురు ఎటో పోయారు. బసప్ప మాత్రం నాలుగెకరాల వేరుశనగ చేను చూసుకుంటూ, ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే దరఖాస్తుల కట్ట చంకన పెట్టుకుని పల్లెలు తిరిగేవాడు. చదువుకునే ఆడపిల్ల ఉన్న ఇల్లు కనిపిస్తే వాకిట్లో కూర్చునేవాడు. తండ్రి సరేననేదాకా లేచేవాడు కాదు. అరవై నాలుగేళ్ళొచ్చినా ఆ పని మానలేదు.

ఈ ఏడు మే నెలలో మిట్టమధ్యాహ్నం ఒక పల్లెలో అడుగుపెట్టాడు. సగం జనం బెంగళూరు కూలికి వలసపోయిన ఊరు. వీధిలో కుక్క కూడా లేదు. కొసన ఉన్న ఇంటి గడపలో పదహారేళ్ళ పిల్ల నిలబడి ఉంది.

"వస్తివా అన్నా," అంది.

ఈ మధ్య ఆయన్ని అందరూ తాతా అనే పిలుస్తున్నారు. ఆ పిలుపు వింతగా తోచినా, ఎండకు అలిసి అరుగు మీద కూలబడ్డాడు.

"కాలేజీలో చేర్తావామ్మా?"

"చేరాలనే కదన్నా ఈడ నిలబడుకోనుండేది. రాసుకో."

పేరు కదిరమ్మ, తండ్రి తిప్పన్న. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. చెంబుతో నీళ్ళిచ్చింది. బోరు నీళ్ళ ఉప్పదనం లేదు. చిన్నప్పుడు బావిలో తాగిన నీళ్ళ రుచి. అక్కడి బావులెండి పాతికేళ్ళు దాటింది.

"మీ నాయన యాడమ్మా?"

"చేనికి పోయినాడు."

కాలేజీలో క్లర్కు ప్రశాంతి ఆ దరఖాస్తును కంప్యూటర్లో ఎక్కిస్తూ ఆగింది.

"తాతా, పుట్టిన తేదీ తప్పు రాసినావే. పందొమ్మిది వందల డెబ్బైతొమ్మిది అని ఉండాది."

బసప్ప కాగితం అందుకుని చూశాడు. తన చేతిరాతే. అప్పుడు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట, అదే వీధిలో, "సోమవారం రాప్పా, ఆలోచించి చెప్తా" అన్నాడు ఒక తండ్రి. తలుపు చాటు నుంచి ఒక పిల్ల చూస్తోంది. వస్తానన్నాడు. ఆదివారం వాన పడింది. విత్తడానికి రెండేళ్ళకు దొరికిన పదును. సోమవారం గొర్రు కట్టుకుని విత్తనానికి పోయాడు. ఆ ఇంటి మాటే మరిచాడు.

మర్నాడు ప్రశాంతి స్కూటీ మీద ఇద్దరూ వెళ్ళారు. ఆ ఇంటికి పైకప్పు లేదు. తలుపుకు తుప్పుపట్టిన తాళం. వాకిలి దుమ్ములో అరుగుదాకా బసప్ప చెప్పుల గుర్తులున్నాయి. ఇంకెవరి అడుగూ లేదు. అరుగు మీద చెంబు పెట్టిన చోట గుండ్రంగా తడి, ఇంకా ఆరలేదు. ప్రశాంతి దాన్ని వేలితో తాకి, చటుక్కున చున్నీకి తుడుచుకుంది.

ఎదురింటి ముసలామె ఓబులమ్మ బయటికొచ్చింది.

"తిప్పన్న కూతురా? ఆ పిల్ల పోయి ముప్పై ఏండ్లాయ. కాలేజీ అన్న వస్తాడని పది దినాలు ఈ గడపలోనే నిలబడుకోని చూసె. మళ్ళా వాళ్ళ నాయన బెంగళూరుకు పిల్చుకపాయ. ఆడ కట్టే గోడ కూలి మీద పడిందంట."

బసప్ప అరుగు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. "రాకపోతిని తల్లీ. చేను చూసుకుంటిని," అని తలుపుతో చెప్పుకున్నాడు. లోపల ఏ అలికిడీ లేదు.

ఎండదెబ్బ తగిలి ఉంటుందని, ఇక ఇంటిపట్టున ఉండమని ప్రిన్సిపాల్ పద్మజ చెప్పింది. ఆయన వినలేదు. మిగతా పల్లెలన్నీ తిరిగాడు. ఆ ఊరికి పోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

జూన్‌లో ఆ ఊరి నుంచి ఇద్దరు ఆడపిల్లలు తమంతట తామే కాలేజీకి వచ్చారు.

"ఎవురు పంపిరమ్మా మిమ్మల్ని?" అని అడిగాడు బసప్ప.

"కొస ఇంట్లో అక్క. ఆ అన్నకు మరుపెక్కువ, మీరే పోండి అనె."

బసప్ప కుర్చీ దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసి, మొదటి పిల్ల పేరడిగాడు.