నీలం పడని మ్యాపు

ఏభై మ్యాపుల కట్టను బల్ల మీద నిలబెట్టి, నాలుగు వైపులా తట్టి, అంచులు సమంగా వచ్చాయో లేదో బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. చెవి మీదున్న నీలం పెన్సిలు తీసి పైకాగితం మూలన ఒక గీత గీశాడు. పెన్సిలు మళ్లీ చెవి మీదికి వెళ్లింది. చెయ్యి తర్వాతి కట్ట మీదికి వెళ్లింది.

ప్రెస్సులో అందరూ అతన్ని మడతలాయన అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనబడదు. చిన్న కాగితాలైతే యంత్రమే మడిచేస్తుంది. ఊళ్ల మ్యాపులు మాత్రం దుప్పటంత ఉంటాయి. వాటికి చివరి ఎనిమిది మడతలు చేత్తోనే వెయ్యాలి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ప్రతి మడతనీ అరచేతి పొడవున్న చెక్కబద్దతో నొక్కి గీయాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా నొక్కుతున్నాడు కాబట్టి కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. వేళ్ల కొసలు కాగితానికి అరిగి నున్నగా అయిపోయాయి. పాస్‌పోర్టు ఆఫీసులో వేలిముద్రల యంత్రం అతన్ని మనిషిగా ఒప్పుకోనని మొండికేసింది. వేళ్లు తడిపి, తుడిచి, ఊది, అయిదోసారికి గానీ దానికి దయ కలగలేదు.

ఇంట్లోనూ అదే అలవాటు. బస్సు టిక్కెట్టు, కరెంటు బిల్లు, తుడుచుకున్న తువ్వాలు, ఏది చేతికొచ్చినా నాలుగు మడతలు పడాల్సిందే. "ఇంట్లో మీరు మడత పెట్టనిది నన్నొక్కదాన్నే" అంటుంది భార్య, వచ్చినవాళ్ల ముందు కూడా.

గురువారం ఇద్దరూ విదేశానికి వెళ్తున్నారు. పద్నాలుగు రోజులు, నాలుగు ఊళ్లు. పెళ్లయిన కొత్తలో అనుకున్న మాట అది. మొదట అత్తగారు మంచం పట్టడం, తర్వాత భార్య ఉద్యోగం, ఆ తర్వాత అతని గుండె అడ్డుపడుతూ వచ్చాయి. ఈసారి డాక్టరు కూడా తలూపాడు. "వెళ్లండి. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఎవరితోనూ పందెం వేసుకోకండి" అన్నాడు. పందెం వేసుకునే మొహమేనా అది అని ఆమె తిరుగుదారంతా నవ్వింది.

హోటళ్లంటే అతనికి బెరుకు. అందుకని ఆమె పలహారం ఇళ్లు వెతికింది. ఎవరింట్లోనో ఒక గది, పొద్దున్నే వాళ్ల వంటింట్లోనే పలహారం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరైన మనిషికి ఫోనంటే చేతిలో పని. రాని భాషలో కూడా అవతలివాళ్లతో చుట్టరికం కలిపేస్తుంది. రెండో ఊరి ఇంటావిడకి ఇతని మోకాళ్ల సంగతి తెలుసు. మూడో ఊరి ఇంటావిడ ఏకంగా వదిన అయిపోయింది. వదినగారింట్లో మంచం కాస్త ఇరుకట, అయినా ఫరవాలేదని ఈమే ఆవిడకి ధైర్యం చెప్పింది.

ఏ రోజు ఏం చూడాలో ఒక నోటుపుస్తకంలో రాసింది. మూడో రోజు: మ్యూజియం, లోపల కుర్చీలున్నాయి, అడిగాను. ఎనిమిదో రోజు: గడియారం బురుజు, మధ్యాహ్నం నిద్ర. అన్నిటి కిందా రెండేసి, మూడేసి పంక్తులున్నాయి. తొమ్మిదో రోజు వాళ్ల పెళ్లిరోజు. దాని కింద మాత్రం మూడే మాటలు: పెద్దరోడ్డు. సాయంత్రం. ఇద్దరం.

ఆ పెద్దరోడ్డు వాళ్ల బీరువా తలుపు లోపల అంటించి ఉంది. కాగితం మీద నాలుగు రంగులూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. యంత్రం సర్దుకునేలోపు వచ్చే కాగితాల్లో ఏదో ఒక రంగు తప్పిపోతుంది, అవి వేస్టు. ప్రెస్సు గేటు దాటి ఇంటికి తీసుకెళ్లనిచ్చేవి అవి మాత్రమే. మంచి కాపీ ఒక్కటైనా బయటికి పోకూడదు. ఉద్యోగంలో చేరిన ఏడాది అలాంటి వేస్టు మ్యాపొకటి తెచ్చి, కొత్త పెళ్లికూతురి ముందు ఎనిమిది మడతలూ విప్పి గొప్పలు పోయాడు. నలుపూ ఎరుపూ పసుపూ ఉన్నాయి. ఊరి మధ్యలోంచి తెల్లగా, మెలికలు తిరుగుతూ, ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెడల్పాటి దారొకటి ఉంది.

"అమ్మో, ఎంత పెద్ద రోడ్డో!" అంది ఆమె.

"దాని మీద నిన్ను నడిపిస్తాను చూడు" అన్నాడు.

ఆ కాగితం రోడ్డు మీదే వాళ్లు ముప్పై ఏళ్లు నడిచారు. చీర తీయడానికి బీరువా తెరిచినప్పుడల్లా ఆమె వేలితో ఆ దారి వెంట కాస్త దూరం వెళ్లొచ్చేది. మాటా మాటా అనుకున్న రోజున అతను ఆ తలుపు ఊరికే తెరిచిపెట్టేవాడు. అదే అతనికి తెలిసిన క్షమాపణ.

ఆ రోజు పదకొండు గంటలకి కొత్త పని బల్ల మీదికొచ్చింది. మొదటి కాగితం పరిచి, మధ్యమడత కోసం బద్ద ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఊరు అదే. వీధులు అవే, వదినగారి వీధి, గడియారం బురుజు, అన్నీ ఉన్నాయి. ఆ మ్యాపు పని ఇన్నేళ్లూ ఇంకో ప్రెస్సుకి పోయి, ఇప్పుడు తిరిగొచ్చింది. పెద్దరోడ్డు మాత్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా నీలంగా ఉంది.

"ఏంటి బాబాయ్, మడత తప్పిందా?" అన్నాడు ఫోర్‌మన్. వయసులో చిన్నవాడు, అతని దగ్గరే పని నేర్చుకుని పైవాడయ్యాడు.

"మడత కాదురా. ఇదేంటి, ఈ నీలం?"

"నది."

"ఎప్పట్నించి?"

ఫోర్‌మన్ అతని వంక ఎగాదిగా చూశాడు. "ఎప్పట్నించేంటి? ఊరు పుట్టకముందు నుంచీ ఉండి ఉంటుంది."

ప్రయాణం సంగతి ప్రెస్సంతా తెలుసు. పెద్దరోడ్డు సంగతే ఎవరికీ తెలియదు. అతను నీళ్లు నమిలి నమిలి చెప్పాడు. ఫోర్‌మన్ మొదట పకపకా నవ్వాడు. బాబాయి మొహం చూసి ఆపేశాడు.

"మడతలు తప్ప రంగులెప్పుడైనా చూశావా నువ్వు! పోనీ, పిన్నికి చెప్పకు. అక్కడికెళ్లాక ఆవిడే చూసుకుంటుంది."

"అప్పుడు పక్కన నేనుండాలి కదరా. ఆ మొహం నేను చూడలేను."

చెవి మీద నీలం పెట్టుకుని తిరిగినవాడికి మ్యాపులో నీలం లేదని ముప్పై ఏళ్లు తట్టలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె ఏమీ అడగని మనిషి. నగ అడగలేదు, ఇల్లు మార్చమని అడగలేదు. అడిగిందల్లా ఒక రోడ్డు. అదీ నీళ్లపాలైంది. మిగతా పూట మడతలు పడుతూనే ఉన్నాయి గానీ మనిషి అక్కడ లేడు.

మూడింటికి ఫోర్‌మన్ వచ్చి, పైకట్టలోంచి ఒక మ్యాపు లాగి, దాని మూల కావాలని చించాడు. "అయ్యో, చిరిగిందే! వేస్టు. తీసుకెళ్లు బాబాయ్. పిన్నికి ఇది చూపించి చెప్పు, నోటితో చెప్పేకన్నా తేలిక."

మంచి కాపీ పాడైనందుకు అతని ప్రాణం చివుక్కుమంది. అయినా దాన్ని చొక్కాలోపల, బనియనుకి ఆనించి పెట్టుకున్నాడు. బద్దను బల్ల సొరుగులో పెట్టి, ఈ రెండు వారాలూ దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పి బయల్దేరాడు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. మొదటి వాక్యం కోసం వెతుక్కుంటూ కూర్చున్నాడు. 'నీకో సంగతి చెప్పాలి' అంటే హడలిపోతుంది. 'నవ్వకు గానీ' అంటే నవ్వొచ్చే విషయం కాదు. దిగాల్సిన చోటు దాటి ఇంకో స్టాపు వెళ్లిపోయి, వెనక్కి నడిచాడు. వాళ్ల వాటా మూడో అంతస్తు. రెండో మలుపు దగ్గర ఆగి, జేబులోంచి నాలుగు మడతల పొట్లం తీసి, మాత్ర నాలుక కింద పెట్టుకున్నాడు. ఆ రోజుకది రెండోది.

ఇంట్లో పెట్టె మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. పక్కనే బట్టలు కుప్పపోసి ఉన్నాయి.

"మీ పని మీకే ఉంచాను. నేను మడిస్తే మళ్లీ విప్పి మడుస్తారుగా" అంది ఆమె. తర్వాత అతని మొహం చూసింది. "ఏమండీ, అలా ఉన్నారేం? సెలవు ఇవ్వనన్నారా?"

అతను చొక్కాలోంచి మ్యాపు తీసి, మంచం మీద జాగా చేసి, ఒక్కొక్క మడతే విప్పాడు. చెమటకి కాస్త మెత్తబడింది. పెద్దరోడ్డు మీద వేలు పెట్టాడు.

"నది" అన్నాడు.

ఆమె మ్యాపు వంక చూడలేదు. అతని వేలి వంకే చూసి, మంచం అంచున కూర్చుంది.

"నాకు తెలుసండీ."

"తెలుసా?"

"నాలుగు నెలలైంది. వదినకి ఫోన్‌లో చెప్పాను, మీ ఇంటి ముందు పెద్దరోడ్డు మీద నడుస్తామని. మా ఇంటి ముందు నదే గాని రోడ్డెక్కడిదంది. ఆవిడ భాష నాకు అర్థం కాలేదేమోనని మూడుసార్లు అడిగాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఇల్లు కట్టినవాడు కూడా అంత మురిసిపోడు, మీరా రోడ్డు చూసుకుని మురిసినంత. మీ చిన్నబోయిన మొహం నేను చూడలేను బాబూ."

అతను తల గోక్కున్నాడు. చెవి మీది పెన్సిలు కింద పడింది. ఆమె వంగి అందించింది.

"అయితే నడక లేనట్టేగా" అన్నాడు.

"నడక లేకపోతే పోయె. పడవ మాట్లాడాను." ఆమె కళ్లు మెరిశాయి. "వదిన తమ్ముడు పడవ నడుపుతాడట. తొమ్మిదో రోజు సాయంత్రం, మనిద్దరమే. ఇంటి ముందు ఎక్కితే బురుజు దగ్గర దింపుతాడు. సరిగ్గా మీ రోడ్డు మధ్యలోంచే వెళ్తాం. ఒడ్డుదాకా తీసుకెళ్లి, అప్పుడు చెబుదామనుకున్నా. మొత్తం పాడుచేశారు."

ముందు అతని భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు వచ్చింది, నవ్వుతో పాటు కళ్లనీళ్లూ వచ్చాయి. ఇలాంటి మనిషిని తనకి కట్టబెట్టినవాళ్లెవరో గానీ వాళ్లు చల్లగా ఉండాలనుకున్నాడు. చెయ్యి పట్టుకుని, "నువ్వు గట్టిదానివే" అన్నాడు. ఆ రోజుల్లో రోడ్డు చూపించినప్పుడు కూడా ఇంత సంతోషం లేదు.

"చాల్లెండి, టీ పెడతాను" అని లేచింది.

అతను బీరువా తలుపు తెరిచి, పాత మ్యాపును గోటితో నెమ్మదిగా ఊడదీశాడు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఒళ్లో చెక్కపలక పెట్టుకుని, దాని మీద మ్యాపు పరుచుకున్నాడు. ఎండ ఇంకా ఉంది. పెన్సిలు మొన నాలుకకి తాకించి, పై అంచు నుంచి మొదలుపెట్టాడు.

"మోకాళ్ల పట్టీలు మీ సంచిలో పెట్టాను" అంది ఆమె వంటింట్లోంచి.

"ఊఁ."

"పడవలో చలేస్తుందట. ఆ బూడిదరంగు స్వెట్టరు పెట్టుకోండి, మొహమాటపడకుండా."

"ఊఁ."

"ఇంకో కప్పు టీ కావాలని వాళ్ల భాషలో ఎలా అడగాలో నేర్పాను కదా. ఏదీ, అనండి చూద్దాం."

అతను అన్నాడు. తప్పే అన్నాడు. ఆమె పాలు పొంగకుండా మంట తగ్గించి, సరిచేసి మళ్లీ చెప్పింది. ఫోన్‌లో వదిన పెట్టిన షరతు గురించి చెప్పింది. పలహారం తినకుండా ఎవరూ గడప దాటకూడదట, అచ్చం మన పెద్దవాళ్ల లాగే. కప్పులు కడిగింది. ఊఁ వినబడలేదు. ఇరవై ఆరేళ్లు లైను మీద మనిషి ఉన్నాడో లేడో విని చెప్పిన చెవి అది. కప్పు చేతిలో ఉండగానే ఆమెకి తెలిసిపోయింది.

అయినా రెండు కప్పులూ పళ్లెంలో పెట్టుకునే వచ్చింది. అతను కిటికీ వైపు తల వాల్చి ఉన్నాడు. నవ్విన మొహం ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. ఆమె పళ్లెం కింద పెట్టి, కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, నున్నటి ఆ వేళ్లని రెండు చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే అందరూ వస్తారు, అతను అందరివాడూ అయిపోతాడు. ఇంకాస్సేపు తనవాడిగానే ఉండనీ అనుకుంది.

మంచం మీద పెట్టె తెరిచే ఉంది, బట్టలు కుప్పగానే ఉన్నాయి. అతని ఒళ్లో మ్యాపు ఉంది. మూడో వంతెన దాకా నది నీలంగా ఉంది. అక్కడ పెన్సిలు అడ్డంగా పడి ఉంది. దాని కిందనుంచి బురుజు దాకా మాత్రం తెల్లగా, వెడల్పుగా, ఇద్దరు పక్కపక్కన నడిచేంత రోడ్డు.