తిట్టే దిక్కు

టైలరమ్మకు క్యాన్సర్ అని తెలిసిన రోజు నుంచీ ఆ ఇంట్లో గొడవలు ఆగిపోయాయి. అంతకుముందు అత్తాకోడళ్లు కూరలో ఉప్పు దగ్గర మొదలుపెడితే పుట్టింటివాళ్ల దాకా వెళ్లిగానీ ఆగేవాళ్లు కాదు. ఇప్పుడు కోడలి గొంతు వెన్నపూస. అత్త కావాలని కయ్యానికి కాలు దువ్వినా, "నిజమే అత్తయ్యా, పొరపాటైపోయింది" అంటుంది. కొడుకైతే మరీనూ, ఇంట్లో మునివేళ్ల మీద నడుస్తాడు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేశారు. బతికుండగానే ఫొటో కట్టించి గోడకు తగిలించినట్టు, ఇదేం మర్యాదండీ! నిండు ఇంట్లో ఆవిడ ఒంటరిదైపోయింది.

ఇక మనిషిగా బతికేది ఆసుపత్రి వెనక గదిలోనే. చికిత్స అయినవాళ్ల చేత అక్కడ వ్యాయామం చేయిస్తారు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రబ్బరు పట్టీ లాగడం, ఆపరేషనైన వైపు చేతిని గోడమీద వేళ్లతో పైకి పాకించడం. చేయించే అమ్మాయికి మెడలో ఈల, నోట్లో నిప్పులు.

"టైలరమ్మా! మోచెయ్యి వంచుతున్నావ్, నాకు కళ్లు లేవనుకున్నావా? ఎత్తు! తిన్నదంతా ఏమైపోతోంది?" అని గయ్యిమనేది.

టైలరమ్మ మాత్రం ఊరుకునే రకమా? "నా వయసొచ్చాక నువ్వెత్తు, చూస్తా" అనేది. ఆ తిట్లతోనే ఆవిడకు కడుపు నిండేది.

అంతలో చివరి పరీక్ష అన్నారు. వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. బాగా నడిచినవాళ్లు ఇక రానక్కర్లేదు, వాళ్ల కుర్చీ కొత్తవాళ్లకిస్తారు. ఆవిడకు ఆ కుర్చీ వదులుకోవడం ఇష్టం లేదు. కాళ్లలో సత్తువ తిరిగొచ్చిందని ఆవిడకు తెలుసు. అందుకే ఈల మోగగానే గోడ పట్టుకుని, ఆయాసపడుతూ, అడుగులో అడుగు వేసింది. సగంలో ఆగి కళ్లు కూడా మూసింది. ఏం నటన!

తిట్లు పడతాయని ఎదురుచూసింది. పడలేదు. ఈలమ్మాయి పరుగున వచ్చి నడుం పట్టుకుంది.

"చాలు పెద్దమ్మా, కూర్చోండి. డాక్టరుగారితో మాట్లాడతాను. మీరేం భయపడకండి" అంది, మెల్లిగా.

టైలరమ్మకు ఇక్కడా మెత్తని మాటలే! ఉన్న ఒక్క చోటూ పోయింది. చివ్వున నడుం విడిపించుకుంది.

"కూర్చోడానికి నాకేం రోగం? అంతా నాటకం. చూడు!" అని కుచ్చిళ్లు ఎగదోపి వరండా ఆ కొసకూ ఈ కొసకూ విసవిసా నడిచింది.

ఈలమ్మాయికి ఒళ్లు మండిపోయింది. "బుద్ధుందా నీకు? పైప్రాణాలు పైనే పోయాయి నాకు! జబ్బు తిరగబెట్టిందనుకున్నాను!" అని అందరి ముందూ కడిగేసింది. టైలరమ్మ చేతులు కట్టుకుని ఒక్క మాట వదలకుండా విన్నది. తిట్టడం అయ్యాక ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, "పాసయ్యావు, పో. ఇక రాకు" అంది.

ఇంటికి రాగానే కోడలు చేతిసంచీ అందుకోబోయింది. టైలరమ్మ ఇవ్వలేదు.

"నాకు బాగైపోయిందే అమ్మాయ్. పరిగెత్తి చూపించనా?"

"ఇప్పుడెందుకులెండి అత్తయ్యా."

టైలరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఉన్న సిగ్గంతా చంపుకుని, "ఒక్కసారి నన్ను తిట్టవే. మునుపట్లా. నీకు పుణ్యముంటుంది" అని బతిమాలింది.

"అలాగే అత్తయ్యా, మీరెలా అంటే అలాగే" అంది కోడలు, ఎంతో ప్రేమగా.