ధర్మయ్య కాలర్

ఫరీదాబాదులో ఎగుమతి చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ధర్మయ్య పద్నాలుగేళ్ళు ప్యాటర్న్ మాస్టరుగా పనిచేశాడు. విదేశాల నుంచి వచ్చిన బొమ్మ చూసి చొక్కా భాగాలను అట్ట మీద గీసి కత్తిరించడం అతని పని. ఆ అట్టల కొలతల్ని బట్టే కింద హాల్లో వందల మిషన్లు నడిచేవి. చీరాల మనిషి. గుడ్డలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించేవాడు. కాగితం కాలిన వాసనొస్తే నూలు, చివర ముద్ద కడితే కల్తీ. పాప్లిన్, కేంబ్రిక్, ఆక్స్‌ఫర్డ్, టెరికాట్ - ఏ గుడ్డ ఏ కాలరును మొయ్యగలదో అతన్ని అడిగాకే కత్తెర పెట్టేవారు.

తొంభై అయిదులో ఆ ఫ్యాక్టరీకి రఘునందన్ వచ్చాడు. విజయవాడవాడు. విదేశీ కొనుగోలుదార్లతో మాట్లాడి ఆర్డర్లు తెచ్చే ఉద్యోగం. అందరూ 'మాస్టర్‌జీ' అని పిలిచే ధర్మయ్యను మొదటి రోజే 'బాబాయ్' అన్నాడు. ఆదివారాలు ధర్మయ్య రెండు గదుల ఇంటికి వచ్చి అతని భార్య అనసూయ చేసిన గోంగూర పచ్చడి మళ్ళీ మళ్ళీ వేయించుకుని తినేవాడు. పిల్లలు లేని ఇల్లు. అతను రాని ఆదివారం ఆ దంపతులకు పొద్దు గడిచేది కాదు.

అలాంటి ఒక ఆదివారం భోజనాల దగ్గర రఘునందన్ అన్నాడు:

"జర్మనీ నుంచి ఒకామె వస్తోంది బాబాయ్. మన కాలర్లన్నీ అట్ట ముక్కల్లా ఉన్నాయంటోంది. ఆమెకు నచ్చేట్టు ఏదైనా చెయ్యగలవా?"

"చెయ్యొచ్చు. కాలర్ బిగువుగా ఉండాలని లోపల మిషన్ మీద అతికించే బక్రం గుడ్డ మాత్రం వద్దు."

ఊళ్ళో బావమరిది నేసి పంపిన తెల్లటి నేత గుడ్డ ఇంట్లో ఉంది. ధర్మయ్య దాన్ని రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఆరవేసి, అప్పుడు కత్తిరించాడు. కాలర్ లోపలి బక్రాన్ని కూడా నానబెట్టి, చేత్తో సన్నగా ఏటవాలు కుట్లు వేశాడు. వెనక మెడను పట్టుకుని ఒదిగి, ముందు రెండు కొసలూ నిలబడే కాలర్ వచ్చింది. కాజాలు అనసూయ కుట్టింది.

జర్మనీ ఆవిడ ఆ చొక్కాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కాలర్ తిప్పి తిప్పి చూసింది. ఎవరు చేశారని అడిగింది. గుమ్మం దగ్గర, మెడలో టేపుతో నిలబడి ఉన్నాడు ధర్మయ్య. రఘునందన్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. 'మై డిజైన్' అన్న రెండు మాటలూ ధర్మయ్యకు అర్థమయ్యాయి. ఆ సాయంత్రం అనసూయ అడిగితే, "మనవాడేగా, వాడికి పేరొస్తే మనకు రానట్టా?" అన్నాడు.

ఇరవై వేల చొక్కాల ఆర్డరు వచ్చింది. చేనేత అంత దొరకదు కాబట్టి మరమగ్గం నూలు తెప్పించారు. చేతి కుట్టుకు వ్యవధి లేదని బక్రం అతికించే పద్ధతే ఖాయం చేశారు. ధర్మయ్య ఆ గుడ్డ ముక్కను కొలిచి, తడిపి, ఆరాక మళ్ళీ కొలిచాడు. తిన్నగా రఘునందన్ గదికి వెళ్ళాడు.

"ఇది బాగా కుంచించుకుపోతుంది రఘూ. బక్రం కుంచించుకోదు. ఒక్క ఉతుకుకే కాలర్ బుడగలు లేస్తుంది. గుడ్డ థాన్లన్నీ ముందు తడపాలి."

"తడిపి ఆరబెట్టే టైమెక్కడుంది బాబాయ్? వానాకాలం. ఓడ మనకోసం ఆగదు."

"అయితే నేను పాస్ చెయ్యను."

రఘునందన్ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్క సంతకం పెట్టు. ఏదైనా వస్తే నేను చూసుకుంటాను. నన్ను నమ్మవా?"

గుడ్డ కోతకు అనుమతిచ్చే కట్టింగ్ కార్డు మీద ధర్మయ్య సంతకం పెట్టాడు.

చొక్కాలు ఓడ ఎక్కలేదు. కొనుగోలుదార్ల తరఫు తనిఖీ మనిషి పది చొక్కాలు ఉతికించాడు. పదింటికి పది కాలర్లూ పొక్కులు లేచాయి. సరుకు మొత్తం వెనక్కి తిప్పారు. యజమాని తన గదిలోకి ఇద్దర్నీ పిలిచి కార్డు బల్ల మీద పడేశాడు.

"యే కిస్‌నే పాస్ కియా?" దీన్ని పాస్ చేసిందెవరని అడిగాడు.

ధర్మయ్య రఘునందన్ వైపు చూశాడు. రఘునందన్ కార్డు వైపు చూస్తూ, "మాస్టర్‌జీ నే, సర్," అన్నాడు.

గుడ్డ తడపమని చెప్పానని ధర్మయ్య తన హిందీలో తడబడుతూ చెప్పాడు. ఎవరికి చెప్పావన్నాడు యజమాని. ఇతనికి అన్నాడు. నాతో అలాంటిదేమీ అనలేదన్నాడు రఘునందన్. పద్నాలుగేళ్ళ ఉద్యోగం ఆ మధ్యాహ్నమే పోయింది.

ఇంట్లో అనసూయ పొయ్యి ఆర్పేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పాడవుతుందని తెలిసీ సంతకం ఎందుకు పెట్టారు?"

"వాడు అడిగాడు."

"నేనడిగింది ఎప్పుడైనా ఇలా చేసిపెట్టారా?" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఆ సంగతి ఎత్తలేదు.

చుట్టుపక్కల ఓఖ్లాలో, నోయిడాలో ఆరు ఫ్యాక్టరీల గుమ్మాలెక్కాడు ధర్మయ్య. ఇరవై వేల చొక్కాలు పాడుచేసిన మాస్టరని అతనికంటే ముందే కబురు వెళ్ళింది. చివరికి మార్కెట్లో ఒక దర్జీ షాపులో చేరి, ప్యాంట్ల పొడుగు తగ్గిస్తూ, పాడైన జిప్పులు మారుస్తూ ఏడాది గడిపాడు.

అప్పుడు రఘునందన్ దగ్గర్నుంచి కబురొచ్చింది. అశోకా రోడ్‌లోని ఆంధ్రా భోజనం పెట్టే క్యాంటీనుకు రమ్మన్నాడు. వెళ్ళకూడదనుకుంటూనే బస్సెక్కాడు ధర్మయ్య. రఘునందన్ ఇప్పుడు వేరే కంపెనీలో మేనేజరు. లినెన్ చొక్కా వేసుకున్నాడు. కాలర్ సరిగ్గా కూర్చోలేదని ధర్మయ్య కంటికి వెంటనే తెలిసింది.

"ఆ రోజు నేను నోరు విప్పితే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి," అన్నాడు రఘునందన్, పప్పు కలుపుకుంటూ. "నీ చేతిలో పనుంది, ఎక్కడైనా బతుకుతావు. నాకేముంది చెప్పు?"

"పనుంది. అది ఇచ్చేవాళ్ళ దగ్గర నా పేరు మాత్రం లేకుండా చేశావు."

రఘునందన్ ఎడమచేత్తో సంచి దగ్గరికి లాక్కున్నాడు. అందులోంచి కొలతల కాగితం తీశాడు. జర్మనీ ఆవిడ మెచ్చిన ఆ కాలరే కావాలన్నాడు. ఇంట్లో కూర్చుని అట్టలు కత్తిరించి ఇస్తే చాలు. కంపెనీలో ధర్మయ్య పేరు ఎక్కడా రాకూడదు, ఆ పాత గొడవ వాళ్ళకు తెలుసు కనక.

ఆ కాగితాన్ని మొహాన కొట్టి లేవాలనుకున్నాడు ధర్మయ్య. జిప్పుల షాపు గుర్తొచ్చింది. ఏడాదిగా పెద్ద కత్తెర పట్టలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున నేల మీద అట్ట పరిచి గీస్తుంటే అనసూయ వచ్చి నిలబడింది.

"ఎవరికి?"

"ఎవరో కొత్త పార్టీ."

ఆమె వంగి కొలతల కాగితం తీసి చూసింది. పైన రఘునందన్ చేతిరాత. ఊరికి ఉత్తరాలు అతనిచేతే రాయించేది కాబట్టి ఆ రాత ఆమెకు తెలుసు. కాగితాన్ని తీసినచోటే పెట్టింది.

"వాణ్ణి మాత్రం ఇంట్లోకి రానివ్వకండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ధర్మయ్య పెన్సిల్ మళ్ళీ అట్టకు ఆనించాడు. కాలర్ కొస దగ్గర గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీశాడు.