కడుగు తవుడు

మా అన్నయ్యది పెద్ద చెయ్యి అంటారు జనం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పెద్ద చెయ్యి మా ఇంటికి ఏమిచ్చిందో నాకు తెలుసు. తిరగని ఫ్యాను ఇచ్చింది. కోడు విరిగిన మంచం ఇచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ నలుగురూ చూస్తుండగా ఇచ్చింది. చివరికి ఒక తవుడు బస్తా ఇచ్చింది. దాంతో మా గుర్రం చచ్చిపోయింది.

అన్నయ్యకు మేత మిల్లు ఉంది. కోళ్లకు, గొడ్లకు మేత కలిపి అమ్ముతాడు. నేను అక్కడ బస్తాల మూతులు కుడతాను. లారీ దూరని సందుల్లోని షెడ్లకు మా ఆయన గుర్రపు బండి మీద బస్తాలు చేరవేస్తాడు. బండి లాగే ఆడగుర్రాన్ని మొండిది అని పిలిచేవాళ్లం. దానికి నచ్చని చోట అడుగు వేయదు, నచ్చిన చోటి నుంచి కదలదు. మా ఆయన దాని మీద ఏనాడూ చెయ్యెత్తలేదు, బతిమాలుకునేవాడు. నన్ను ఒక్కసారైనా అలా బతిమాలావా అని దెప్పితే, "నువ్వూ బండి లాగు, నిన్నూ బతిమాలతా" అనేవాడు.

మిల్లులో ఒక పద్ధతి ఉంది. కోడిపిల్లలకు రక్త విరేచనాలు పట్టుకోకుండా మేతలో ఒక మందు పొడి కలుపుతారు. మందు కలిసిన బస్తాకు ఎర్ర దారం, కలవనిదానికి తెల్ల దారం. మందు మేత దింపేశాక కూడా మిక్సరు గోడలకు ఆ పొడి అంటుకునే ఉంటుంది. అది వదలడానికి ఉత్త తవుడు పోసి తిప్పుతారు. ఆ తవుడుకు మేం పెట్టుకున్న పేరు కడుగు తవుడు. దాన్ని మూలన పెట్టి, మళ్లీ కోళ్లకు మందు మేత కలిపినప్పుడు అందులోనే పోసేయాలి. ఇంకే జీవం నోటికీ పోకూడదు.

ఆ రోజు ఎర్ర దారం బస్తాలు అయ్యాక కడుగు తవుడు బస్తా ఒకటి నా మిషను ముందుకు వచ్చింది. దాన్ని ఎప్పుడూ కుట్టం, మూతి ముడేసి వదిలేస్తాం.

"ఇది కుట్టడమెందుకు అన్నయ్యా?" అన్నాను.

"చోటు దండగమ్మా అక్కడ. ఒకళ్లకి పంపించాలి, తెల్ల దారంతో కుట్టెయ్."

"మందు తగిలిందిగా?"

"తవుడుకి ఎర్ర దారమేంటే, చాదస్తం కాకపోతే" అని నవ్వాడు. ఎవరో కోళ్లవాళ్లకే పంపుతున్నాడనుకుని కుట్టాను. దారం కొసన ఎప్పటిలాగే రెండు ముళ్లు వేశాను.

ఆ ఒకళ్లు మేమేనని నాకు తర్వాత తెలిసింది. నేను అన్నం తినడానికి వెళ్లినప్పుడు బస్తాను మా బండిలోనే వేయించాడట. "బావా, నీ గుర్రానికి. నా తరఫున ఉంచు" అన్నాడట, బయట ఉన్న కోళ్ల రైతులందరికీ వినపడేలా. మా ఆయన మురిసిపోయి తీసుకెళ్లి పాకలో పెట్టుకున్నాడు. పాక పనంతా ఆయనదే. మొండిదానికి నేనంటే పడదు, అందుకే నేను అటు వెళ్లను.

మొదట దానికి ఒళ్లంతా చెమట పట్టింది. తర్వాత వెనక కాళ్లు తడబడ్డాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే డొక్క పక్కన చర్మం అదురుతూ కనిపించింది. పశువుల డాక్టరు వచ్చినప్పుడు నేను మిల్లులో ఉన్నాను. కోళ్ల మేత గానీ తిందా అని ఆయన అడిగాడట, కోళ్లను కాపాడే మందే గుర్రం గుండెను పాడు చేస్తుందని చెప్పాడట. "లేద్సార్, ఉత్త తవుడే" అన్నాడు మా ఆయన. తెల్ల దారం బస్తా కదా, ఆయన దృష్టిలో అది అబద్ధం కాదు.

అన్నయ్య కూడా వచ్చాడు. పాక గుమ్మంలోనే నిలబడి, చూసి, తల అడ్డంగా ఊపాడు. తవుడు మాట ఎత్తలేదు.

"బరువు ఎక్కువైంది బావా. నోరులేని దాని చేత అంత లాగిస్తే గుండె ఆగదా?" అన్నాడు.

బండికి అన్నేసి బస్తాలు ఎక్కించింది తనే. రెండోసారి తిరగడమెందుకు, ఒకేసారి పట్టుకుపో అన్నదీ తనే. అయినా మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు. మొండిది చచ్చిపోయాక ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుని, "నేనే చంపుకున్నా దాన్ని" అని లేచిపోయేవాడు. గుర్రం పోయింది సరే, ఈ మనిషి కూడా నాకు దక్కకుండా పోతాడేమోనని భయం పట్టుకుంది.

పాక ఊడవడానికి వెళ్లినప్పుడు ఆ బస్తా కనిపించింది. తెల్ల దారం, కొసన రెండు ముళ్లు. మా మిల్లులో తవుడు విడిగా అమ్మరు. ఆ మిల్లు ముద్ర ఉన్న బస్తాలో తవుడు ఉందంటే అది కడుగు తవుడే. డాక్టరు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

సగం మిగిలిన బస్తాను చంకనేసుకుని మిల్లుకు వెళ్లాను. అన్నయ్య కాటా దగ్గర ఉన్నాడు, చుట్టూ రైతులు ఉన్నారు.

"ఇది కడుగు తవుడేనా?"

"ఇప్పుడా సంగతి దేనికి? పోయినదాన్ని తవ్వుకుంటే ఏమొస్తుంది?"

"ఇందులో మందు ఉందా లేదా?"

"ఎక్కడో రవ్వంత ఉంటుంది. దానికే చస్తుందా గుర్రం? తవుడమ్మా అది, ఉత్త తవుడు. మీ ఆయన తప్పు నా నెత్తిన రుద్దకు."

మిల్లు వెనక అన్నయ్యకు ఒక షోకు గుర్రం ఉంది. సాయంత్రాలు దాని మీద ఊరేగుతాడు. దాని మేత మాత్రం మా మిల్లుది కాదు, ఎక్కడినుంచో లారీలో వస్తుంది. ఇంట్లో మేత మిల్లు పెట్టుకుని గుర్రానికి బయటి తిండా అని నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. గొప్పలకు పోతున్నాడనుకున్నాను.

"ఉత్త తవుడేగా. అయితే నీ గుర్రానికీ పెడతా" అని వెనక్కి నడిచాను. రైతులు కూడా వచ్చారు. అన్నయ్య వెనకాలే, "నలుగురిలో ఏంటే ఇది" అని గొణుగుతూ వచ్చాడు. బస్తాను తొట్టిలో కుమ్మరించాను. ఆ గుర్రం మీద నాకు పగ లేదు. అది తల వంచితే లాగేయాలని తొట్టి అంచు గట్టిగా పట్టుకునే ఉన్నాను.

అంతవరకూ రాలేదు. అన్నయ్య పరుగెత్తుకొచ్చి తొట్టిని కాలితో తన్నాడు. తవుడంతా నేల మీద పడింది. గుర్రాన్ని తాడు పట్టి దూరంగా లాగి, దాని మూతి తుడిచి, నోరు తెరిచి చూశాడు. మా మొండిదాన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదు ఆ చెయ్యి.

రైతుల్లో ఒకాయన, "తెలిసే పంపావా అయ్యా?" అన్నాడు.

"ఇప్పుడు వచ్చి మా ఆయనకి చెప్పు, చంపింది నువ్వు కాదు బావా, నేనే అని" అన్నాను.

"వస్తాలేమ్మా సాయంత్రం. ఇంకో గుర్రం నేనే ఇప్పిస్తా..."

"నువ్విచ్చేదేదీ ఇక మా గడప దాటదు" అనేసి వచ్చేశాను.

మా ఆయన పాకలో కూర్చుని ఉన్నాడు. చేతిలో మొండిదాని కళ్లెం ఉంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. నువ్వు చంపలేదు, బరువు చంపలేదు, ఆ తవుడు చంపింది, అన్నయ్యకు తెలుసు అన్నాను. ఆయన ముఖం తేటపడుతుందని చూశాను. ఆ ముఖం కోసమే పొద్దుటి నుంచి అంత తిరిగాను.

ఆయన కళ్లెం పక్కన పెట్టాడు.

"ఆ తవుడు అది తినలేదు" అన్నాడు. "మూతి పెట్టి వదిలేసింది. మళ్లీ పెడితే తొట్టిని ముక్కుతో నెట్టేసింది. మొండితనం అనుకున్నా."

"మరి?"

"పంచదార కలిపా. పక్కన కూర్చుని, బతిమాలి, నా చేత్తో తినిపించా."

అన్నయ్య ఆ సాయంత్రం రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.