అక్కకి జ్వరం వచ్చిన వారం

డ్రైవరుకి గుండె మార్చి ఆరు నెలలైంది. ఇరవై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు అక్క ఎలా నడిపిస్తే అలా నడుస్తున్నాడు. పొద్దున మాత్రలు, మళ్లీ రాత్రి అదే వేళకి మాత్రలు. మానేస్తే ఒంట్లోని కాపలా మేలుకుని, కొత్త గుండెని పరాయిదని తరుముతుంది. వేసుకుంటే ఆ కాపలా జోగుతుంది, దారిన పోయే జలుబు కూడా దొంగలా జొరబడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే అక్క ఉడకనిదేదీ అతని కంచంలో పడనివ్వదు, తుమ్మిన చుట్టాన్ని గుమ్మం తొక్కనివ్వదు. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, కొలతలకొచ్చిన వాళ్లని కూడా మెట్లమీదే నిలబెట్టి టేపు పట్టేది.

"అదృష్టవంతుడివిరా" అనేవాళ్లు స్నేహితులు ఫోన్లో. నిజమే. ఎవరో పోతే తనకొచ్చిన గుండె. అది పెట్టుకుని, విసుగొస్తోందని ఏ నోటితో అంటాడు?

ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి మొదట్లోనే చెప్పింది. "ఆపరేషన్లో నరాలు తెగిపోయాయండీ. మీరు మెట్లెక్కుతున్నారన్న కబురు గుండెకి ఆలస్యంగా అందుతుంది. ముందు ఉన్నచోటే అడుగులేసి, అది అందుకున్నాక ఎక్కండి. ఆగేటప్పుడు కూడా మెల్లగా ఆగాలి."

"చలికాలంలో డీజిల్ బండిలాగన్నమాట" అన్నాడతను. ఆ అమ్మాయి నవ్వింది. అయినా కొన్నాళ్లుగా అతను అటు వెళ్లడం లేదు. రేపు వెళ్తాలే అంటే, "నీ రేపటికి ఎప్పుడూ తెల్లారదు" అని గొణిగేది అక్క.

ఒక పొద్దున మాత్రల పళ్లెం రాలేదు. అక్క గది తలుపు మూసి ఉంది.

"రాకు! జ్వరంగా ఉంది. దగ్గు కూడా" అంది లోపలినుంచి.

అతను ఆస్పత్రికి ఫోన్ చేశాడు. "ఇద్దరూ మాస్కు వేసుకోండి, కిటికీలు తెరవండి, ఆవిడ గదిలోకి మాత్రం వెళ్లొద్దు. మీకు ఒళ్లు వెచ్చబడితే వెంటనే వచ్చెయ్యండి" అంది నర్సు. తన మాత్రలు తనే తీసి వేసుకున్నాడు. అక్కకి మందులు కావాలి. షాపు వీధి చివరే ఉంది కానీ, తెచ్చిపెట్టేవాళ్లెవరూ లేరు. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

దిగడం తేలికే అయింది. తిరిగొచ్చి మెట్ల ముందు నిలబడి, సంచి చేతికి తగిలించుకుని, ఉన్నచోటే అడుగులెయ్యడం మొదలుపెట్టాడు. కింది వాటా ముసలాయన తలుపు తీసి, ఎగాదిగా చూసి, "ఏం బాబూ, పెరేడా?" అన్నాడు.

"బండి వేడెక్కాలండి" అన్నాడు.

ఎక్కాడు. ప్రతి మలుపు దగ్గరా గోడకి ఆనుకుని ఆగాడు. తొడలు మండాయి, కళ్లకి నీళ్లొచ్చాయి. గుండె మాత్రం కాస్త వెనకపడ్డా, వచ్చి అందుకుంది.

మందులు, పలచగా కాచిన సూపు గుమ్మం దగ్గర పెట్టి, దూరంగా జరిగి పిలిచాడు. తలుపు కొద్దిగా తెరుచుకుంది, చెయ్యి మాత్రం బయటికొచ్చింది.

"ఎవరు తెచ్చార్రా?"

"నేనే."

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. తలుపు మూసుకుంది. లోపలినుంచి గొంతు వినిపించింది.

"అలిసిపోయానురా. జ్వరం వల్ల కాదు."

అతను ఎదురు గోడకి చేరబడి కూర్చుని, "నేను కూడా అక్కా" అన్నాడు. ఇద్దరూ ఆ మాట అక్కడితో వదిలేశారు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. సూపు చప్పగా ఉందని మాత్రం అందామె.

వారానికి జ్వరం తగ్గింది. అతనికి ఏమీ అంటలేదు. సోమవారం మాత్రలు వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వ్యాయామానికి బయల్దేరాడు.

"మాస్కు?" అంది అక్క పక్కమీంచే.

"పెట్టుకున్నా. నువ్వు పడుకో."

"కొలతలకి ఎవరన్నా వస్తే?"

"నీకు ఒంట్లో బాగాలేదని కింద ముసలాయనకి చెప్పి వెళ్తాలే, ఆయనే పంపేస్తాడు."

అక్క అటు తిరిగి దుప్పటి ముసుగేసుకుంది. అతను మెట్లు మెల్లగా దిగాడు.